లైసెన్స్ ఉన్నా వీసా ఎందుకు రాదు? విదేశాల్లో పైలట్, ఇన్‌స్ట్రక్టర్ ఉద్యోగాల చిక్కుముడి

ప్రపంచమంతా పైలట్ల కొరత ఉందని ఒక వార్త వస్తుంది. లక్షలు పోసి లైసెన్స్ తెచ్చుకుని, రెండేళ్లుగా ఖాళీగా కూర్చున్న కుర్ర పైలట్ల గురించి అదే వారంలో ఇంకో వార్త. రెండూ నిజమే. మరి కొరత ఉన్న దేశం, ఖాళీగా ఉన్న పైలట్‌ని ఎందుకు పిలిపించుకోదు? ఈ ప్రశ్నకి "వీసా రూల్స్ కఠినం" అని ఒక్క మాటలో జవాబు చెప్పేస్తుంటారు. కానీ అసలు ముడి వీసా ఒక్క దానిలో లేదు. ఒకరి మాట ఒకరు వినని రెండు వేర్వేరు ఆఫీసుల మధ్య ఉంది.

పైలట్ వేరే దేశంలో పనిచేయాలంటే రెండు అనుమతులు కావాలి. మొదటిది, ఈ విమానం నడపడానికి అర్హత ఉందని ఆ దేశపు విమానయాన శాఖ ఇచ్చే లైసెన్స్. రెండోది, ఈ దేశంలో జీతం తీసుకుని పనిచేయొచ్చని ఇమ్మిగ్రేషన్ శాఖ ఇచ్చే పర్మిట్. విమానయాన శాఖ అనుభవాన్ని ఎగిరిన గంటల్లో కొలుస్తుంది. ఇమ్మిగ్రేషన్ శాఖ ఎక్కువగా డిగ్రీ, జీతం, స్థానికులు దొరుకుతున్నారా లేదా అన్నవి చూస్తుంది. పెద్ద ఎయిర్‌లైన్ తీసుకోవాలంటే గంటలు ఉండాలి, ఆ గంటలు రావాలంటే ముందు ఎక్కడో ఉద్యోగం ఉండాలి. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు అన్నట్టు ఉంటుంది చాలామంది పరిస్థితి.

## లైసెన్స్ విమానం తోక మీది అక్షరాలను బట్టి ఉంటుంది

విమానం వెనక భాగం మీద పెద్ద అక్షరాలు రాసి ఉంటాయి. అమెరికా విమానం మీద "ఎన్‌"తో, బ్రిటన్ విమానం మీద "జి"తో, కెనడా విమానం మీద "సి"తో, యూఏఈ విమానం మీద "ఏ6"తో మొదలయ్యే నంబరు కనిపిస్తుంది. అది ఆ విమానం రిజిస్టరైన దేశం గుర్తు. 1944 నాటి షికాగో ఒప్పందం 32వ అధికరణం ప్రకారం అంతర్జాతీయ ప్రయాణాల్లో పైలట్ దగ్గర ఉండాల్సింది, ఆ విమానం రిజిస్టరైన దేశం ఇచ్చిన లైసెన్స్, లేదా ఆ దేశం ఒప్పుకున్న లైసెన్స్. పైలట్ ఏ దేశస్థుడన్నది ఇక్కడ లెక్కలోకి రాదు.

ఆ ఒప్పందంతో పుట్టిన అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో అన్ని దేశాలకూ కనీస ప్రమాణాలు పెట్టింది. అంతర్జాతీయ విమానాలు నడిపే పైలట్‌కి ఇంగ్లీషులో కనీసం 4వ లెవెల్ ఉండాలన్నది 2008 నుంచి అమల్లో ఉంది. 4వ లెవెల్ వాళ్లు మూడేళ్లకోసారి, 5వ లెవెల్ వాళ్లు ఆరేళ్లకోసారి మళ్లీ పరీక్ష రాయాలి. 6వ లెవెల్ వస్తే ఇక అక్కర్లేదు. ఇద్దరు పైలట్లు నడిపే అంతర్జాతీయ వాణిజ్య విమానాల్లో వయసు పరిమితి 65. కనీస ప్రమాణాలు ఒకటే కాబట్టి లైసెన్స్ ఎక్కడైనా చెల్లుతుందని చాలామంది అనుకుంటారు. అక్కడే దెబ్బ తింటారు. కనీసానికి పైన ఏం అడగాలన్నది ఏ దేశానికి ఆ దేశం ఇష్టం.

ఇక్కడ రెండు మాటలు తెలిసి ఉండాలి. వాలిడేషన్ అంటే పాత లైసెన్స్ అలాగే ఉంచి, దాని మీద కొంతకాలం పనిచేయడానికి కొత్త దేశం ఇచ్చే తాత్కాలిక ఆమోదం. కన్వర్షన్ అంటే పరీక్షలు రాసి, విమానం నడిపి చూపించే పరీక్ష (చెక్ రైడ్) కూడా దాటి, కొత్త దేశం లైసెన్సే తీసుకోవడం. అద్దె ఇంటికీ సొంత ఇంటికీ ఉన్నంత తేడా.

దేశాన్ని బట్టి ఈ రెండింటి బరువు చాలా మారుతుంది. అమెరికా విమానయాన శాఖ ఎఫ్‌ఏఏ విదేశీ లైసెన్స్ ఆధారంగా మామూలుగా నేరుగా ఇచ్చేది ప్రైవేట్ పైలట్ సర్టిఫికెట్ మాత్రమే. జీతం తీసుకుని నడపాలన్నా, పాఠాలు చెప్పాలన్నా సాధారణంగా అక్కడి రాత పరీక్ష, చెక్ రైడ్ తప్పవు. యూరప్ ఇంకా గట్టిది. యూరప్ ఉమ్మడి విమానయాన భద్రతా సంస్థ ఈఏఎస్‌ఏ కింద ఉన్న 31 దేశాల్లో (27 యూరోపియన్ యూనియన్ దేశాలు, ఐస్‌లాండ్, నార్వే, స్విట్జర్లాండ్, లీక్టెన్‌స్టైన్) బయటి లైసెన్స్‌కి వాలిడేషన్ మామూలుగా ఏడాదికే ఇస్తారు. పూర్తి లైసెన్స్ కావాలంటే 13 థియరీ పేపర్లు రాయాలి. ఎనిమిది వేల గంటలు నడిపిన కెప్టెన్ కూడా కూర్చుని వాతావరణ శాస్త్రం మళ్లీ చదవాల్సిందే.

ఒక్క రాజకీయ నిర్ణయంతో ఈ గీతలు ఎలా జరుగుతాయో బ్రెగ్జిట్ చూపించింది. 2020 డిసెంబరు 31తో బ్రిటన్ ఈఏఎస్‌ఏ నుంచి బయటికి వచ్చింది. ముందు రోజు దాకా యూరప్ విమానాలన్నిటికీ సరిపోయిన బ్రిటన్ లైసెన్స్, మర్నాటి నుంచి "బయటి దేశం" లైసెన్స్ అయిపోయింది. సంగతి ముందే గ్రహించి చాలామంది తమ లైసెన్స్ ఫైళ్లను ఐర్లండ్, ఆస్ట్రియా వంటి దేశాల అధికార సంస్థలకు మార్పించుకున్నారు. పైలట్లకు అప్పుడు పోయినవి రెండు: లైసెన్స్ చెల్లుబాటు ఒకటి, యూరప్‌లో ఎక్కడైనా పనిచేసే హక్కు రెండోది. ఈ రెండూ వేర్వేరు విషయాలని అప్పటిదాకా చాలామందికి ఆలోచించే అవసరమే రాలేదు. దీనికి సరిగ్గా ఎదురు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్. ఒకరి లైసెన్స్‌ని ఒకరు గుర్తించే ఒప్పందం ఉంది, ఒకరి పౌరులు ఇంకొకరి దేశంలో పనిచేయనూ వచ్చు. అలాంటి జంటలు అరుదు.

## క్రూ వీసా చూసి మోసపోవద్దు

విదేశీ పైలట్లు రోజూ న్యూయార్క్‌లో దిగుతున్నారు కదా, వాళ్లకి వీసా ఎలా వచ్చింది అని అడుగుతారు. అది క్రూ వీసా. తమ దేశపు ఎయిర్‌లైన్ తరఫున వచ్చి, హోటల్లో విశ్రాంతి తీసుకుని, తిరిగి వెళ్లిపోవడానికి ఇచ్చేది. అమెరికాలో ఈ డి వీసా మీద గరిష్ఠంగా 29 రోజులు ఉండొచ్చు. దాంతో అక్కడి కంపెనీలో ఉద్యోగం చేయడం కుదరదు. జీతం ఏ దేశం కంపెనీ ఇస్తోంది, బేస్ (డ్యూటీ మొదలయ్యే ఊరు) ఎక్కడ అన్నవి చూసే వర్క్ వీసా అవసరం నిర్ణయిస్తారు. ఎన్ని దేశాల మీదుగా ఎగిరారన్నది కాదు.

## అమెరికాలో అడ్డు పడేది డిగ్రీ

ఐటీ వాళ్ల పుణ్యమా అని హెచ్-1బి అందరికీ తెలుసు. పైలట్లు కూడా మొదట దాని గురించే అడుగుతారు. కానీ ఆ వీసాకి ముఖ్యమైన షరతు ఒకటుంది: ఆ ఉద్యోగం చేయడానికే సంబంధిత సబ్జెక్టులో డిగ్రీ తప్పనిసరి కావాలి. అభ్యర్థికి డిగ్రీ ఉంటే చాలదు, ఉద్యోగానికి డిగ్రీ అవసరమై ఉండాలి. ఎఫ్‌ఏఏ పైలట్‌ని డిగ్రీ అడగదు. లైసెన్స్, గంటలు, మెడికల్ అడుగుతుంది. మూడువందల మంది ప్రాణాలు చేతిలో పెట్టుకునే ఉద్యోగం చట్టం దృష్టిలో "స్పెషాలిటీ" ఉద్యోగం కాకుండా పోవడానికి కారణం ఇదే. వినడానికి విడ్డూరంగా ఉన్నా, చట్టం మాట ప్రకారం చూస్తే తప్పు పట్టడం కష్టం.

మిగిలిన దారులు ఇరుకైనవి. ఈ-3 వీసా 2005లో ఆస్ట్రేలియా పౌరుల కోసం మాత్రమే పెట్టారు, ఏడాదికి 10,500 వీసాలు. దీనికీ డిగ్రీ స్థాయి షరతు ఉన్నా, కొన్ని అమెరికా ప్రాంతీయ ఎయిర్‌లైన్లు దీని ద్వారా ఆస్ట్రేలియా పైలట్లను తీసుకున్నాయి. కెనడా, మెక్సికో పౌరులకు ఉన్న టీఎన్ వీసా వృత్తుల జాబితాలో పైలట్ లేడు. ఇక గ్రీన్‌కార్డు దారులు. ఉద్యోగం ఆధారంగా ఇచ్చే ఈబీ-3 వర్గంలో కంపెనీ ముందు స్థానికులు దొరకలేదని కార్మిక శాఖ దగ్గర నిరూపించాలి. పుట్టిన దేశాన్ని బట్టి ఆ తర్వాత ఏళ్ల తరబడి క్యూ ఉండొచ్చు. ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి ఉంది కాబట్టి ఎక్కువ మంది దరఖాస్తు చేసే దేశాల వాళ్లకి ఆ క్యూ మరీ పొడుగు.

ఈమధ్య పైలట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఎక్కువగా వినిపించేది ఎన్‌ఐడబ్ల్యూ. ఇది ఈబీ-2 గ్రీన్‌కార్డులో ఒక మినహాయింపు. తన పని అమెరికా జాతీయ ప్రయోజనానికి ఉపయోగమని నిరూపించుకుంటే కంపెనీ స్పాన్సర్ లేకుండానే దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2016లో వచ్చిన ఒక నిర్ణయం దీనికి మూడు ప్రశ్నల కొలబద్ద పెట్టింది: చేసే పనికి గట్టి విలువ, జాతీయ ప్రాముఖ్యం ఉన్నాయా, దాన్ని ముందుకు తీసుకెళ్లే సత్తా ఈ మనిషికి ఉందా, మామూలు షరతులు పక్కన పెడితే దేశానికి లాభమా. (ఆ కేసు ఒక ఏరోస్పేస్ ఇంజినీరింగ్ పరిశోధకుడిది కావడం యాదృచ్ఛికమే.) కొందరు అనుభవజ్ఞులైన పైలట్లు పైలట్ల కొరతను చూపించి ఈ దారిలో ఆమోదం పొందారు. అయితే ఇక్కడ కూడా పై చదువో, అసాధారణ సామర్థ్యమో చూపించాలి. కేసుకి కేసుకి ఫలితం మారుతుంది. "ఎన్‌ఐడబ్ల్యూ గ్యారంటీ" అని చెప్పే కన్సల్టెంట్ అమ్మేది వీసా కాదు, ఆశ.

## ఇన్‌స్ట్రక్టర్ ఉద్యోగం: పెరటి గుమ్మం ఎంత వెడల్పు?

ఇన్‌స్ట్రక్టర్ ఉద్యోగం ప్రత్యేకమైనది. చాలా వృత్తుల్లో పాఠాలు చెప్పేది ఆరితేరినవాళ్లు. విమానయానంలో మాత్రం చాలాచోట్ల పాఠాలు చెప్పేది నిన్నమొన్న నేర్చుకున్నవాళ్లే. కారణం గంటలు. 2009 ఫిబ్రవరి 12న అమెరికాలోని బఫలో నగరం దగ్గర కోల్గాన్ ఎయిర్ 3407 విమానం కూలి 50 మంది చనిపోయారు. ఆ తర్వాత అమెరికా చట్టం మార్చింది. 2013 నుంచి అక్కడి ఎయిర్‌లైన్లో కో-పైలట్‌గా చేరాలన్నా మామూలుగా 1,500 గంటలు ఉండాలి. గుర్తింపు పొందిన యూనివర్సిటీలో ఏవియేషన్ డిగ్రీ చేసినవాళ్లకు 1,000 చాలు. కోర్సు ముగిసేసరికి చేతిలో ఉండేది సుమారు 250 గంటలు. మధ్యలో ఉన్న ఈ ఎడారి దాటడానికి ఎక్కువమంది ఎంచుకునే దారి ఇన్‌స్ట్రక్టర్‌గా చేయడం.

విదేశీ విద్యార్థికి అమెరికాలో ఈ పనికి వర్క్ వీసా దొరకదు కానీ, స్టూడెంట్ వీసాకి తోకలా ఒక చిన్న పని అవకాశం ఉంటుంది. ముందుగా, 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత వచ్చిన నిబంధన ప్రకారం విదేశీయులు పైలట్ ట్రైనింగ్ మొదలుపెట్టాలంటే అమెరికా రవాణా భద్రతా సంస్థ టీఎస్‌ఏ చేసే తనిఖీ దాటాలి. ఆ తర్వాత ఏ వీసా మీద చదివారన్నదే మొత్తం తేడా తెస్తుంది.

లెక్క వేసి చూద్దాం. ఇద్దరు విద్యార్థులు, ఇద్దరికీ కోర్సు ముగిసేసరికి 250 గంటలు. ఇన్‌స్ట్రక్టర్‌గా నెలకి 60 గంటలు ఎగురుతారనుకుందాం.

మొదటి విద్యార్థి వృత్తి విద్యకిచ్చే ఎం-1 వీసా మీద 12 నెలలు చదివాడు. నాలుగు నెలల చదువుకి ఒక నెల చొప్పున ప్రాక్టికల్ ట్రైనింగ్, గరిష్ఠంగా ఆరు నెలలు. అతనికి వచ్చేది మూడు నెలలు, అంటే 180 గంటలు. మొత్తం 430.

రెండో విద్యార్థి ఎఫ్-1 వీసా మీద యూనివర్సిటీలో ఏవియేషన్ డిగ్రీ చేసింది. చదువు తర్వాత పని చేసుకోనిచ్చే ఓపీటీ 12 నెలలు, అంటే 720 గంటలు. మొత్తం 970. డిగ్రీ వల్ల ఆమెకి 1,000 చాలు. ఇంకా 30 గంటలు తక్కువ.

ఆ 30 గంటలు ఎలాగోలా పూర్తి చేసిందే అనుకుందాం. నెలకి 63 గంటలు ఎగిరితే సరిపోయేది. అయినా ఏం లాభం? ఎఫ్‌ఏఏ సర్టిఫికెట్ వస్తుంది, ఎయిర్‌లైన్లో చేరడానికి పని హక్కు మాత్రం ఉండదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదన్నట్టు. ఈ దారి గంటలు కూడబెట్టుకుని వేరే దేశానికి వెళ్లేవాళ్లకి పనికొస్తుంది. అక్కడే స్థిరపడాలనుకునేవాళ్లకి సగం వంతెన మాత్రమే. ట్రైనింగ్ ఫీజు కట్టే ముందు ఈ తేడా స్పష్టంగా చెప్పే స్కూళ్లు తక్కువ.

## చిన్న ఫ్లయింగ్ స్కూలు, పెద్ద కాగితాలు

కెనడాలో పరిస్థితి కొంత నయం. అక్కడి వృత్తుల వర్గీకరణలో పైలట్, ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్ ఇద్దరూ ఒకే కోడ్ 72600 కింద, నైపుణ్య వృత్తిగా ఉన్నారు. గుర్తింపు ఉన్న ఫ్లయింగ్ స్కూల్లో చదివి కెనడా కమర్షియల్ లైసెన్స్ తెచ్చుకున్నవాళ్లకి చదువు తర్వాతి వర్క్ పర్మిట్‌కి ప్రత్యేక నిబంధన కూడా ఉంది. అక్కడ చదవకుండా బయటి నుంచి నేరుగా వచ్చేవాళ్లకి మాత్రం మామూలుగా ఎల్‌ఎంఐఏ కావాలి. స్థానికులు దొరకలేదని యజమాని ప్రభుత్వానికి నిరూపించే కాగితం అది. ఒక్కో పోస్టుకి ఫీజు 1,000 కెనడియన్ డాలర్లు.

ఇప్పుడు నాలుగు విమానాలున్న ఒక స్కూలు యజమాని వైపు నుంచి చూడండి. కొత్తగా వచ్చే ఇన్‌స్ట్రక్టర్‌ది నాలుగో తరగతి రేటింగ్. అంటే ఒకటో, రెండో తరగతి ఇన్‌స్ట్రక్టర్ పర్యవేక్షణలోనే పాఠం చెప్పాలి. యజమాని ప్రకటనలు ఇచ్చి, ఫీజు కట్టి, నెలలు ఎదురుచూసి ఒక మనిషిని రప్పిస్తాడు. ఏడాదిన్నరలో గంటలు నిండగానే ఆ మనిషి ఎయిర్‌లైన్‌కి వెళ్లిపోతాడు. ఇన్‌స్ట్రక్టర్ కుర్చీ బస్టాండులో బెంచీ లాంటిది, ఎవరూ అక్కడ నిలవడానికి రారు. అందుకే స్పాన్సర్ చేసే స్కూళ్లు పర్యవేక్షణ చేయగల సీనియర్ ఇన్‌స్ట్రక్టర్లను వెతుకుతాయి. కొరత నిజంగా ఉన్నది ఆ మెట్టు మీద. ఉద్యోగం వెతికేవాళ్లలో ఎక్కువమంది ఉన్నది కింది మెట్టు మీద.

జపాన్ ఈ విషయంలో ఆసక్తికరం. అక్కడ పైలట్లకి వర్తించే నైపుణ్య కార్మికుల వీసా నిబంధనలో 250 గంటల ఫ్లయింగ్ అనుభవం అని నేరుగా రాసి ఉంది. ఒకప్పుడు అది 1,000. డిగ్రీ గురించి కాకుండా పైలట్ల భాషలోనే మాట్లాడే ఇమ్మిగ్రేషన్ నిబంధనలు ఇలా అరుదుగా కనిపిస్తాయి. అయితే అది ఎయిర్‌లైన్ తరహా రవాణా సంస్థల్లో పనికి ఉద్దేశించింది, ఫ్లయింగ్ స్కూలుకి కాదు.

## వీసా సులువుగా దొరికేచోట ఏం పణంగా పెడతారు?

ఎనిమిది వేల గంటలు, టైప్ రేటింగ్ ఉన్న ఆ కెప్టెన్ దగ్గరికి మళ్లీ వద్దాం. టైప్ రేటింగ్ అంటే ఫలానా రకం విమానం నడపడానికి వచ్చే ప్రత్యేక అర్హత. అతను యూరప్‌లో అప్లై చేస్తే 13 పేపర్లు, పైగా "ఇక్కడ నివసించి పనిచేసే హక్కు ఉందా" అన్న ప్రశ్న. అదే గల్ఫ్ ఎయిర్‌లైన్‌కి అప్లై చేసి, ఇంటర్వ్యూ, సిమ్యులేటర్ చెక్ దాటితే, వీసా పని కంపెనీయే చూసుకుంటుంది. విదేశీ సిబ్బంది మీదే పెరిగిన ఎయిర్‌లైన్లు అవి.

కానీ అక్కడి నివాస అనుమతి ఉద్యోగానికి కట్టిన తాడు. ఉద్యోగం పోతే కొంత గడువు, ఆ తర్వాత ఇల్లు, పిల్లల స్కూలు అన్నీ వదిలి వెళ్లాలి. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు గల్ఫ్‌లోనూ, చైనాలోనూ ఎంతోమంది విదేశీ పైలట్లు దీన్ని అనుభవించారు. ఖరీదైన ట్రైనింగ్ ఇచ్చారని బాండ్ రాయించుకునే పద్ధతి కూడా ఉంది. మధ్యలో మానేస్తే ఆ డబ్బు వెనక్కి కట్టాలి. స్థానికులకు ప్రాధాన్యం కూడా పెరుగుతోంది. సౌదీ అరేబియా 2023లో కో-పైలట్ పోస్టులను సొంత పౌరులకే కేటాయించే నిబంధన అమల్లోకి తెచ్చింది. దేశాల ఆలోచన ఇందులో తేటగా తెలుస్తుంది: అనుభవం దొరక్కపోతే బయటి నుంచి తెచ్చుకుంటాం, అనుభవం సంపాదించుకునే కుర్చీ మాత్రం మా పిల్లలకే.

## కొరత ఉందనేవాళ్లు, లేదనేవాళ్లు

అమెరికాలో ప్రాంతీయ ఎయిర్‌లైన్ల సంఘం ఏళ్లుగా కొరత ఉందనే చెబుతోంది. పైలట్లు లేక చిన్న ఊళ్లకి విమానాలు తగ్గిపోయాయన్నది వాళ్ల వాదన. పైలట్ల సంఘం ఆల్పా దీన్ని ఒప్పుకోదు. కొత్తగా అర్హత పొందుతున్నవాళ్లు సరిపడా ఉన్నారని, కొరత ఉన్నది మంచి జీతాలకే అని, విదేశీయులను తేవడం, 1,500 గంటల నిబంధన సడలించడం జీతాలనీ భద్రతనీ దిగజారుస్తాయని వాళ్లంటారు.

ఇద్దరూ వేర్వేరు వస్తువుల్ని లెక్కపెడుతున్నారనిపిస్తుంది. ఒకరు ఖాళీ కుర్చీలను లెక్కపెడితే, ఇంకొకరు లైసెన్సులను లెక్కపెడుతున్నారు. కెనడాలో ఇదే గొడవ వేరే రూపంలో వచ్చింది. అక్కడ శీతాకాలంలో ఎండ దేశాలకి వెళ్లే టూరిస్టులు ఎక్కువ, యూరప్‌లో వేసవి రద్దీ. కొన్ని కంపెనీలు శీతాకాలానికి యూరప్ పైలట్లను తెచ్చుకునేవి. మా పైలట్లు ఖాళీగా ఉండగా, ఫలానా విమానం టైప్ రేటింగ్ ముందే ఉండాలన్న షరతు పెట్టి మమ్మల్ని పక్కన పెడుతున్నారని స్థానిక పైలట్లు గొడవ చేశారు. కొన్ని నెలల సీజన్ కోసం కొత్తవాళ్లకి ట్రైనింగ్ ఇవ్వడం గిట్టుబాటు కాదన్నది కంపెనీల మాట. 2014లో ప్రభుత్వం విదేశీ పైలట్లకి ఎల్‌ఎంఐఏ షరతులు బిగించింది. ఆ పైలట్లు, ఆ కంపెనీలు ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. వీసా నిబంధన మాత్రం ఎవరో ఒకరి వైపే మొగ్గాలి.

## ఉద్యోగ ప్రకటనలో ఉండే వాక్యాల అసలు అర్థం

ఇంత చదివాక పైలట్ ఉద్యోగ ప్రకటనలు వేరేగా కనిపిస్తాయి. "ఈ దేశంలో నివసించి పనిచేయడానికి ఎలాంటి పరిమితులూ లేని హక్కు ఉండాలి" అని ఉంటే మేము వీసా ఇప్పించం అని మర్యాదగా చెప్పడం. "ఫలానా విమానంలో 500 గంటలు ఉండాలి" అంటే మేము శిక్షణ ఖర్చు పెట్టం, వెంటనే నడపాలి అని. వీసా స్పాన్సర్ చేసే ప్రకటనల్లో ఎక్కువగా ఈ రెండో వాక్యమే ఉంటుంది. "గత ఐదేళ్ల వివరాలు ఇవ్వాలి" అన్నది యూరప్‌లో ఎయిర్‌పోర్ట్ పాస్ కోసం చేసే భద్రతా తనిఖీ. ఉద్యోగం, చదువు, మధ్యలో ఖాళీలు అన్నిటికీ రుజువు అడుగుతారు. లైసెన్స్ వచ్చి, వీసా వచ్చి, ఈ పాస్ దగ్గర వారాల తరబడి ఆగిపోయేవాళ్లూ ఉంటారు. ఇక "లైన్ ట్రైనింగ్ ఖర్చు అభ్యర్థిదే" అన్న వాక్యం కనబడితే అక్కడ జీతం ఇచ్చేది కంపెనీ కాదు. కుడి పక్క సీట్లో కూర్చుని గంటలు పెంచుకోవడానికి పైలటే కంపెనీకి ఎదురు డబ్బు కడుతున్నాడు.